‘వద్దు’ అనడానికి కారణం చెప్పాలా?

(ప్లీడరమ్మ జవాబులు)

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతుంటే నాకొచ్చే ఉత్తరాల రంగు మారిపోతుంది. ఆస్తి తగాదాలు వెనక్కి పోతాయి, పెళ్ళిళ్ళు ముందుకొస్తాయి. ఈ నెల అన్నీ ఆ ఉత్తరాలే. పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేశాం. మొదటిది పొడుగ్గా ఉన్నా పెద్దగా కత్తిరించలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పల్నాడులో ఒక పల్లెటూరు. నాకు 24 ఏళ్ళు. బీఎస్సీ, బీఈడీ చేశాను. పోయినసారి డీఎస్సీ కొద్ది మార్కుల్లో పోయింది. అవనిగడ్డ వెళ్ళి కోచింగ్ తీసుకుంటానంటే నాన్న ‘ఇంకెంతకాలమే’ అంటున్నారు. కోచింగు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కలిపి యాభై, అరవై వేలవుతుంది. తమ్ముడు విజయవాడ దగ్గర ప్రైవేటు కాలేజీలో బీటెక్ చదువుతున్నాడు. ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి మూడు లక్షలు. వాడికి బ్యాక్‌లాగులు కూడా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనరు.

మొన్న ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. అబ్బాయి గుంటూరులో ప్రైవేటు బ్యాంకులో చేస్తాడు. వాళ్ళ పెద్దమ్మ నన్ను ‘చెప్పులు విప్పి మా అమ్మాయి పక్కన నిలబడమ్మా, ఎత్తు తేలుతుంది’ అంది. నిలబడ్డాను. తర్వాత నా చెయ్యి తిప్పి చూసి ‘ఫోటోలో ఇంకాస్త రంగున్నట్టుంది’ అంది. మా అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తోంది. అబ్బాయి ఒక్కటే అడిగాడు, డీఎస్సీ వస్తే పోస్టింగ్ ఎక్కడిస్తారని. నేను నోరు తెరిచేలోపే వాళ్ళమ్మ ‘వచ్చినా రాకపోయినా మాకేం ఇబ్బంది లేదులే, ఇంటిపట్టున ఉంటుంది’ అనేసింది. వాళ్ళు అటు వెళ్ళగానే నాన్న ‘వాళ్ళకి నచ్చావు’ అన్నారు. నాకు నచ్చిందా అని ఎవరూ అడగలేదు.

పాతిక లక్షలు, పది కాసుల బంగారం అడుగుతున్నారు. ఎకరంన్నర బేరానికి పెట్టారు. నేను వద్దంటే అమ్మ అన్నం మానేస్తుంది. ‘నీవల్ల చెల్లి పెళ్ళి ఆగిపోతోంది’ అంటుంది. చెల్లికి 21. అమ్మ రోజూ రాత్రి నా మంచం పక్కన కూర్చుని ‘ఎవరైనా ఉన్నారా, చెప్పవే’ అని అడుగుతుంది. నాకు ప్రేమా దోమా ఏమీ లేదు మేడమ్. ‘ఎవరూ లేకపోతే మరెందుకు వద్దంటున్నావు’ అంటుంది. దానికి ఏం చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను. ఇష్టం లేదని చెప్తే చట్టం నా మాట వింటుందా?

— ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: చట్టం వింటుందమ్మా. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ అమ్మగారు రాత్రిపూట అడిగే ప్రశ్న దగ్గరికి వద్దాం. చిక్కంతా అక్కడే ఉంది.

మన ఇళ్ళల్లో ఆడపిల్ల ‘వద్దు’ అంటే వెనకాల ఒక మగాడు ఉండాలి. వాడుంటే తన్ని, తిట్టి, తాళం వేసి ఆపుతారు. లేకపోతే ఆ ‘వద్దు’కి విలువే లేదు, అది వంక కింద జమ. అబ్బాయి పొట్టి అన్నావనుకో, పొడుగు సంబంధం తెస్తారు. ఊరు దూరమంటే పక్క ఊరిది తెస్తారు. కట్నం ఎక్కువన్నావా, మేనరికం బయటికి తీస్తారు. నువ్వొక్కో కారణం చెప్తుంటే ఆ కారణం లేని సంబంధం ఒక్కోటి గుమ్మంలోకి వస్తూనే ఉంటుంది. చివరికి కారణాలు అయిపోయి నువ్వే అలిసిపోతావు. ముప్పై ఏళ్ళుగా ఫ్యామిలీ కోర్టు వరండాలో ఉన్నదాన్ని, అలా అలిసిపోయి తలవంచుకుని తాళి కట్టించుకున్న పిల్లల ఫైళ్ళు మా గుమాస్తా బీరువాలో చాలా ఉన్నాయి.

కాబట్టి ఆ అబ్బాయి గురించి మాట్లాడకు. మంచివాడో చెడ్డవాడో మనకనవసరం. నీ గురించి మాట్లాడు, ఒక గడువు పెట్టి మాట్లాడు. ‘వచ్చే డీఎస్సీ రాసేదాకా పెళ్ళిచూపులకి కూర్చోను. రాశాక ఉద్యోగం వచ్చినా రాకపోయినా మీతో కూర్చుని మాట్లాడతాను.’ ఇంతే. ఎవరైనా ఉన్నారా అంటే ‘లేరు’. ఎందుకు వద్దంటే ‘పరీక్ష రాయాలి’. పదిసార్లడిగినా అదే మాట, అదే గొంతుతో. నువ్వు గొంతు పెంచితే పొగరంటారు, ఏడిస్తే మెత్తబడిందనుకుంటారు.

‘ఊరికే చూసి పోతారు, అంతే కదా’ అని మళ్ళీ కూర్చోబెడతారు. కూర్చోకు. మన దగ్గర పెళ్ళిచూపులకి కూర్చోవడమంటే సగం ఒప్పుకున్నట్టే లెక్క. తాంబూలాలు పుచ్చుకున్నాక ‘వద్దు’ అనాలంటే నీ ఒక్క గొంతు సరిపోదు. అప్పటికి పిలుపులు, అడ్వాన్సులు, అత్తల చీరలు అన్నీ నీ మీదకి వస్తాయి.

అమ్మ అన్నం మానేస్తే నువ్వూ మానకు. రెండు కంచాలు పెట్టుకుని పక్కన కూర్చో. ఆవిడ తినకపోయినా నువ్వు తిను. చదువుతూ ఆవిడ ముందే కూర్చో. కఠినంగా చెప్తున్నానని అనుకుంటావేమో. మీ అమ్మగారు దుర్మార్గురాలు కాదు. ఆ పెద్దమ్మ నీ చెయ్యి తిప్పి చూసినప్పుడు ఆవిడ నవ్వడం గురించి రాశావు కదా, ఆవిడ పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో అలాగే చూసి ఉంటారు, వాళ్ళమ్మ కూడా అలాగే నవ్వి ఉంటుంది. ఆ నవ్వు ఒప్పుకోలు కాదు. ఇంకేం చేయాలో తెలియక నవ్వేది అది. ఆవిణ్ణి ఓడించాలని చూడకు, పక్కకి తీసుకెళ్ళి ఆవిడ ఏం చదువుకోవాలనుకుందో అడుగు. నేను అడిగిన చాలామంది తల్లులకి దానికి జవాబుంది.

మరో మాట. చెల్లి పెళ్ళి ఆగిపోతోందంటున్నారు. అక్కకి కాకుండా చెల్లికి చేయకూడదన్నది చట్టంలో ఎక్కడా లేదు, ఊళ్ళో ఉంది. అసలు చెల్లికి ఇప్పుడు పెళ్ళి కావాలో లేదో ఎవరైనా అడిగారా? నువ్వు అడుగు. నిన్ను కదిలించడానికి ఆ పిల్ల పేరు వాడుతున్నారు, పాపం దానికీ తెలిసుండదు.

ఇక చట్టం. 18 నిండిన ఆడపిల్లకి ఆమె సమ్మతి లేకుండా పెళ్ళి చేసే హక్కు తల్లిదండ్రులకి లేదు. ఇద్దరు మేజర్లు పెళ్ళి చేసుకోవాలంటే కుటుంబం అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తి వాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. చేసుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్ళకి చేసుకోకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉన్నట్టే కదా. బలవంతంగా తాళి కట్టిస్తే, 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ఆ పెళ్ళిని రద్దు చేయమని కోర్టుకి వెళ్ళొచ్చు. కానీ ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు వెళ్ళాలి. ఆ తర్వాత ఇష్టపడి కాపురం చేశావని తేలితే కేసు నిలవదు. అందుకే ‘పెళ్ళయ్యాక చూసుకుందాం’ అనేవాళ్ళ మాట వినొద్దంటాను.

ఇంకోటి చాలామందికి తెలియదు. 2005 గృహహింస చట్టం అంటే భర్త కొడితే వేసే కేసని అందరూ అనుకుంటారు. పుట్టింట్లో ఉన్న కూతురికి కూడా అది వర్తిస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో, ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే ఈ కేసుల్లో బాధితులకి సాయపడే ప్రభుత్వ అధికారి, నింపే ఫారం ఒకటుంది. అందులో మాటలతో, మనసుని గాయపరిచే హింస కింద టిక్కు పెట్టడానికి కొన్ని గడులుంటాయి. ఇష్టం లేని పెళ్ళికి బలవంతం చేయడం, వాళ్ళు చెప్పినవాడినే చేసుకోమనడం, నచ్చినవాడిని చేసుకోనివ్వకపోవడం, చదువు మాన్పించడం, ఉద్యోగంలో చేరనివ్వకపోవడం, ఇల్లు కదలనివ్వకపోవడం. ఇవన్నీ సర్కారు అచ్చేసిన మాటలు, నేను కల్పించినవి కావు. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకి ఆ కాగితం చూపిస్తే కాసేపు మాట్లాడరు. తమకి జరుగుతున్నదానికి ప్రభుత్వ ఫారంలో ఒక గడి ఉందని వాళ్ళు ఊహించరు. ఇంట్లో ఒత్తిడి పెట్టేది ఆడవాళ్ళయినా కేసు వేయొచ్చు. ప్రతివాది వయసొచ్చిన మగాడే అయ్యుండాలన్న మాటని సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది.

ఈ ముక్కలు రేపు పొద్దున్నే నాన్న ముఖాన కొట్టమని చెప్పడం లేదు. చట్టం పేరు చెప్పిన ఇంట్లో మళ్ళీ మామూలు మాట కలవడానికి చాలాకాలం పడుతుంది. కానీ వెనక ఒక గోడ ఉందని తెలిస్తే నిలబడే తీరు వేరుగా ఉంటుంది. చేయి చేసుకున్నా, గదిలో పెట్టి తాళం వేసినా, ఫోను లాక్కున్నా మాత్రం ఆలోచించకు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చెయ్యి, లేదా అత్యవసర నంబరు 112కి. జిల్లా కేంద్రంలో వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, తెలంగాణలో దాన్నే సఖి అంటారు. అక్కడ తాత్కాలికంగా ఉండనిస్తారు, పోలీసుతో, లాయరుతో మాట్లాడిస్తారు. లాయరు ఫీజు గురించి భయం వద్దు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది, ఫోను 15100.

ఈ వారంలోనే చేయాల్సిన పని చెప్తాను. టెన్త్ నుంచి బీఈడీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం ఎక్కడున్నాయో చూసుకో. బ్యాంకు ఖాతాకి నీ నంబరే లింకై ఉందో లేదో చూడు. చాలా ఇళ్ళల్లో ఆడపిల్లల ఖాతాలకి నాన్న నంబరో తమ్ముడి నంబరో ఉంటుంది, ఓటీపీలు వాళ్ళకే వెళ్తాయి. అన్నీ స్కాన్ చేసి డిజీలాకర్లోనో నీ మెయిల్లోనో పెట్టుకో. సర్టిఫికెట్లు అత్తారి బీరువాలోకి పోయి, ఉద్యోగం వచ్చినా చేరలేకపోయిన పిల్లని నేను ఎరుగుదును.

నాన్నతో మాట్లాడేటప్పుడు మాత్రం ఒంటరిగా వెళ్ళకు. ఆయన మాట కాదనని మనిషి ఒకరుంటారు. మేనమామో, పెదనాన్నో, చదువు చెప్పిన పంతులుగారో. ముందు వాళ్ళకి చెప్పు. పొద్దున పొలానికి వెళ్ళేముందు మాట్లాడండి. రాత్రి ఏడుపుల మధ్య ఏ మాటా తేలదు.

ఈ పత్రిక మీ ఇంట్లో నాన్నగారు కూడా చదువుతారేమో. ఆయనకి నాలుగు ముక్కలు.

అన్నగారూ, మీ కష్టం నాకు తెలుసు. మిర్చికి పెట్టుబడి ఎంతో, తెగులొస్తే ఏమవుతుందో మా పుట్టింటి పొలం చూసి పెరిగినదాన్ని. రేటు లేనప్పుడు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి నెలల తరబడి ఆగుతారు మీరు. కూతురి విషయంలో మాత్రం ఒక్క ఏడాది ఆగితే ధర పడిపోతుందని కంగారు. ఆ కంగారు ఎవరు నేర్పారో ఆలోచించండి. ఒక తెల్లకాగితం తీసి లెక్క వేయండి. కొడుకు చదువుకి నాలుగేళ్ళకి పన్నెండు లక్షలు. కూతురి చదువుకి ఇప్పుడు అడుగుతున్నది అరవై వేలు. ఆమె పెళ్ళికి పాతిక లక్షలు, బంగారం, ఎకరంన్నర పొలం. కూతురికి ఖర్చు పెట్టడానికి మీ దగ్గర డబ్బు లేక కాదు. ఆ డబ్బు ఆమె చేతికి ఇవ్వకుండా వేరేవాళ్ళ చేతికి ఇస్తున్నారు, అంతే తేడా. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం కూడా నేరమే, కనీసం అయిదేళ్ళ శిక్ష. ఎవరూ పట్టించుకోరని మీరంటారు. ఒప్పుకుంటాను. కానీ కట్నం కింద వెళ్ళిన ప్రతి రూపాయీ పెళ్ళయిన మూడు నెలల్లో అమ్మాయికి అప్పజెప్పాలని అదే చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. మీరు చూసిన పెళ్ళిళ్ళల్లో ఒక్కటి చెప్పండి, అలా అప్పజెప్పినది. ఆ ఎకరంన్నర అమ్మకండి. అమ్మాయి పేర రాయండి. టీచరైనా కాకపోయినా, పెళ్ళయినా కాకపోయినా ఆ భూమి ఆమెది.

ప్రశ్న: మా అమ్మాయికి 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచి ప్యాకేజీ. అమెరికా సంబంధాలు, ఇక్కడి సంబంధాలు అన్నీ చూశాం, దేనికీ ఊ అనదు. ఫంక్షన్లకి వెళ్ళడం మానేశాను. వెళ్తే అందరిదీ ఒకటే ప్రశ్న. దీని పెళ్ళి కాకుండానే మేం పోతామేమోనని టెన్షన్. ఆడపిల్లలకి చదువు, స్వేచ్ఛ ఎక్కువ ఇచ్చి తప్పు చేశామా?

— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: లేదమ్మా, తప్పేం చేయలేదు. ఆ పిల్లకి మంచి ప్యాకేజీ వచ్చినప్పుడు ఈ అనుమానం రాలేదు కదా.

మీ ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. ‘ఊ అనదు’ అని రాశారు. ఏమని అనదు, ఎందుకు అనదు, అసలు పెళ్ళే వద్దా, ఇలా బయోడేటాలు చూసి చేసుకోవడం వద్దా, ఏదీ లేదు. ఫంక్షన్లలో అడిగేవాళ్ళ మాటలు మాత్రం ఉన్నాయి. ఆ ప్రశ్న అడిగిన ఆవిడకి రేపు మీ అమ్మాయి కాపురం సరిగ్గా లేకపోతే గంట సమయం కేటాయించే ఓపిక ఉండదు. ఆ కాపురాలతో కోర్టు వరండాలో కూర్చునేది తల్లులే, నాకు తెలుసు. పిల్ల ఒక్కతే వచ్చినా బల్ల మీద పక్కన కూర్చునేది మళ్ళీ మీరే.

‘మా కాలంలో ఇలా ఉందా’ అంటారు కదా. మీ కాలం కంటే చాలా ముందు, 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనని ఆమే చెప్పింది. తండ్రి, తమ్ముడు అండగా నిలిచారు. ఆ తర్వాత జైలుకెళ్ళింది, 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని తనకై తాను ఎంచుకుని చేసుకునేటప్పటికి నలభై దాటాయి. ఆ రోజుల్లో చుట్టాలు ఏమని ఉంటారో ఊహించండి. వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎవరికీ తెలియవు.

ఫంక్షన్లకి వెళ్ళండి. ‘మీ అమ్మాయి పెళ్ళెప్పుడు?’ అంటే ‘దాన్నే అడగండి, ఫోను నంబరిస్తాను’ అనండి. ఒక్కరు కూడా నంబరు తీసుకోరు.

ప్రశ్న: నిశ్చితార్థం అయింది. ఇప్పుడు అబ్బాయి ఉద్యోగం మానెయ్యమంటున్నాడు. నాకు మానాలని లేదు. నిశ్చితార్థం అయ్యాక వద్దంటే కేసు పెడతారా?

— నెల్లూరు పాఠకురాలు

జవాబు: నిశ్చితార్థం చట్టం దృష్టిలో పెళ్ళి కాదు. మిమ్మల్ని పీటల మీద కూర్చోమని ఆదేశించే అధికారం ఏ కోర్టుకీ లేదు. మహా అయితే పెట్టిన ఖర్చుల గురించి పేచీ పెట్టొచ్చు. వాళ్ళు పెట్టిన ఉంగరం, చీరలు లిస్టు రాసి సాక్షుల ముందు తిరిగిచ్చేసి ముట్టినట్టు సంతకం తీసుకోండి. పెళ్ళికి ముందే ఉద్యోగం మానమన్నవాడు పెళ్ళయ్యాక ఏమేం మానమంటాడో మీరే ఊహించుకోవచ్చు.

ప్రశ్న: ఆడపిల్లల పెళ్ళి వయసు 21కి పెంచారట కదా. మరి మా అమ్మాయికి 19, చేయొచ్చా?

— వరంగల్ పాఠకుడు

జవాబు: పెంచలేదు. 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు, 2024లో ఆ లోక్‌సభ రద్దవడంతో బిల్లూ పోయింది. ఇప్పటికీ అమ్మాయికి 18, అబ్బాయికి 21. చేయొచ్చా అని నన్నడిగారు, సంతోషం. మీ అమ్మాయిని కూడా అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఫస్టియర్. మా ఫ్రెండ్‌కి 16 ఏళ్ళు. దానికి వేసవి సెలవుల్లో వాళ్ళ బావతో పెళ్ళి చేస్తున్నారు. అది ఏడుస్తోంది. నేను ఎవరికైనా చెప్తే నా పేరు బయటపడుతుందా? వాళ్ళ నాన్నని జైల్లో పెడతారా? అది నాతో మాట్లాడడం మానేస్తుందేమో.

— ప్రకాశం జిల్లా నుంచి

జవాబు: చెప్పు తల్లీ. 1098కి ఫోను చెయ్యి, అది పిల్లల హెల్ప్‌లైన్. నీ పేరు చెప్పక్కర్లేదు. ఊరు, పెళ్ళి తేదీ, పిల్ల ఏ కాలేజీ అన్నది చెప్తే చాలు. ఫోను చేయడానికి భయమైతే మీ ఊరి అంగన్‌వాడీ టీచరుకో మీ లెక్చరర్ మేడమ్‌కో చెప్పు, వాళ్ళు చేస్తారు. తేదీ చాలా ముఖ్యం. పెళ్ళి ముందురోజు చెప్తే హడావుడే మిగులుతుంది.

2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఆ పెళ్ళి ఆపమని ముందే ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఉత్తర్వు ఇచ్చాక కూడా కట్టేస్తే ఆ పెళ్ళి అసలు పెళ్ళే కాదు, చెల్లదు. వాళ్ళ నాన్న సంగతి అడిగావు. పెద్దవాళ్ళకి రెండేళ్ళ దాకా శిక్ష, లక్ష దాకా జరిమానా చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ పెళ్ళి జరగకముందు తెలిస్తే సాధారణంగా అధికారులు వచ్చి కౌన్సెలింగ్ చేసి, 18 నిండేదాకా పెళ్ళి చేయబోమని కాగితం రాయించుకుంటారు. అంటే ముందే చెప్తే నువ్వు వాళ్ళ నాన్నని కూడా కాపాడినట్టు. ఒక జాగ్రత్త. కాగితం రాసిచ్చాక వేరే ఊరి గుళ్ళో తెల్లవారుజామున కట్టేసేవాళ్ళున్నారు. అందుకని ఆ తర్వాత కూడా నీ ఫ్రెండ్ కాలేజీకి వస్తోందో లేదో చూస్తూ ఉండు. రెండురోజులు రాకపోతే మళ్ళీ ఫోను చెయ్యి.

పెళ్ళి అయిపోయినా దారి మూసుకుపోదు. 18 నిండాక రెండేళ్ళలోపు, అంటే 20 దాకా, ఆ పెళ్ళి రద్దు చేయమని ఆమె కోర్టుని అడగొచ్చు. ఇది విడాకులు కాదు. ఈ మాట ఆమెకి గుర్తుంచుకోమని చెప్పు.

పెద్దవాళ్ళు కూడా ఈ ఉత్తరం చదవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20-24 ఏళ్ళ ఆడవాళ్ళల్లో 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5. దేశం మొత్తం మీద 23.3. ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టుకుని, అమెరికాకి ఇంతమంది పిల్లల్ని పంపుకుని, ఈ ఒక్క లెక్కలో దేశం సగటుకన్నా వెనకబడి ఉన్నాం. కళ్యాణలక్ష్మి కింద తెలంగాణ ఇచ్చే 1,00,116 రూపాయలకి పెళ్ళికూతురికి 18 నిండాలన్న షరతుంది. ఆంధ్రప్రదేశ్ 2022లో తెచ్చిన కళ్యాణమస్తులో ఇద్దరూ పదో తరగతి పాసవ్వాలన్నారు. పెళ్ళికి సర్కారు డబ్బివ్వడం నాకు అంతగా నచ్చదు, ఆ డబ్బేదో పదో తరగతి దాటిన పిల్లకి కాలేజీ బస్సు చార్జీలకీ హాస్టలుకీ ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. అయినా ఆ షరతుల వల్ల కొన్ని ఇళ్ళల్లో పుట్టినతేదీ సర్టిఫికెట్ బయటికి తీసి చూసుకోవడమైనా మొదలైంది.

ఆ పిల్ల నీతో మాట్లాడడం మానేస్తే మానెయ్యనీ తల్లీ. కాలేజీకి వస్తే చాలు.

ప్రశ్న: మా చెల్లికి 2003లో పెళ్ళి చేశాం. పసుపు కుంకుమ కింద నాలుగు లక్షలు, బంగారం ఇచ్చాం. అప్పుడే ‘ఆస్తిలో నాకేం అక్కర్లేదు’ అని తెల్లకాగితం మీద సంతకం చేసింది. నాన్న 2004లో పోయారు. తాతల నాటి ఆరెకరాలు ఇంకా పంచుకోలేదు. ఇప్పుడు బావ మాటలు విని వాటా అడుగుతోంది. ఇది న్యాయమా?

— ఒక అన్న, తెనాలి దగ్గర

జవాబు: బావ మాటలు విని అడుగుతోందని ఎలా తెలిసింది? సొంతంగా అడిగి ఉండకూడదా?

వాటా ఉంది, మీతో సమానంగా. కూతురికి పుట్టుకతో ఆస్తి హక్కు ఇవ్వడంలో దేశానికి దారి చూపింది మనమే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఆ తేదీకి పెళ్ళికాని కూతుళ్ళందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు. మీ చెల్లెలి పెళ్ళి 2003లో కాబట్టి ఆమెకి అప్పుడే ఉంది. తర్వాత 2005లో కేంద్రం సవరణ చేసి పెళ్ళయినవాళ్ళకి కూడా ఇచ్చింది. 2005కి ముందే తండ్రి పోతే హక్కు ఉండదని కొన్నేళ్ళు గొడవ నడిచింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీత శర్మ కేసులో తేల్చేసింది. నాన్న 2004లో పోయారన్న మాట మీకు ఉపయోగపడదు.

పెళ్ళిలో ఇచ్చిన నాలుగు లక్షలు వాటాకి బదులు కాదు. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్ళిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ చెల్లెలి చేతికైతే కాదని పందెం కాస్తాను. ఇక ఆ తెల్లకాగితం. స్థిరాస్తి మీద హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్ దస్తావేజు ఉండాలి, సాదా కాగితం మీద సంతకంతో పోదు. పెళ్ళి పందిట్లో, పీటల మీద కూర్చోబోయే పిల్లతో పెట్టించిన సంతకమంటే ఏ జడ్జిగారైనా ముందు ముఖం చిట్లిస్తారు.

నిజంగా చెల్లికి వద్దనే ఉంటే ఆవిడే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చి హక్కు విడుదల దస్తావేజు రాసిస్తుంది. దానికి ముందు వేరే ప్లీడరుతో ఆవిడని విడిగా మాట్లాడుకోనివ్వండి. ఆ ప్లీడరుని మీరు ఎంచుకోకండి, ఫీజు కూడా మీరు కట్టకండి.